కాన్పు వేళ ఊరు చేయగలిగిన పనులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని దాటాక వచ్చే ఒక ఊరు. పొదుపు సంఘాల ఆడవాళ్లం కొందరం, మా ఆశా, అంగన్‌వాడీ టీచరు కలిసి ఊళ్లో గర్భిణుల సంగతి పట్టించుకోవడం మొదలుపెట్టాం. అప్పటి నుంచి పక్క ఊళ్ల వాళ్లు అడుగుతూనే ఉన్నారు. అడిగినవాళ్లందరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇలా రాసిపెడుతున్నాం. మేం డాక్టర్లం కాదు. మందులు, మోతాదుల దగ్గర మీ ఏఎన్‌ఎం చెప్పిందే వినండి.

డాక్టర్లున్నారు, ఆశా ఉంది. మధ్యలో ఊరివాళ్లకేం పని?

ఆసుపత్రి లోపలి పని వాళ్లదే. అక్కడిదాకా మనిషిని చేర్చే పని మనది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది. వెనకటితో పోలిస్తే చాలా నయం. కానీ అలా పోయిన తల్లుల విషయం ఆరా తీస్తే ఆలస్యం మూడు చోట్లలో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. "కాసేపు చూద్దాం" అని ఇంట్లో కూర్చోవడం ఒకటి. బండి దొరక్కపోవడం, దారి బాగాలేకపోవడం రెండోది. ఆసుపత్రికి చేరాక డాక్టరో, రక్తమో అందకపోవడం మూడోది. మొదటి రెండిటి మీదా డాక్టరుకు ఏ అధికారమూ లేదు. కాన్పు తర్వాత రక్తం ఆగకుండా పోతే రెండు గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. అలాంటప్పుడు మామ పొలం నుంచి వచ్చి సరేననేదాకా ఆగుదామంటే కుదరదు. ఆ మాట ముందే, నొప్పులు రాకముందే తేలి ఉండాలి.

మీరు మొట్టమొదట చేసిన పని ఏమిటి?

నోటుబుక్కు కొన్నాం. ఇరవై రూపాయల రూళ్ల పుస్తకం. అట్ట చినిగితే పాత క్యాలెండరు కాగితం వేసి కుట్టాం.

అందులో గర్భిణికి ఒక పేజీ. పేరు, ఎన్నో కాన్పు, కాన్పు తేదీ, బ్లడ్ గ్రూపు, చివరిసారి చూసిన హిమోగ్లోబిన్, బీపీ, పుట్టింటి ఊరు, రాత్రిపూట పిలిస్తే లేచి వచ్చే మగమనిషి ఫోన్ నంబరు. అంతకుముందు ఆపరేషన్ కాన్పు అయినవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, కవలలు మోస్తున్నవాళ్లు, మరీ చిన్న వయసువాళ్లు ఉంటే పేజీ మూలన ఎర్ర చుక్క. ఎర్ర చుక్క ఉన్న ఇంటికి వారానికోసారి ఎవరో ఒకరం పోయి వస్తాం.

తేదీ కనుక్కోవడమే తమాషా. చివరి నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. మా దగ్గర నెలసరి తేదీ అడిగితే ఎవరూ అంకె చెప్పరు. "దేవరగట్టు జాతర అయిన వారానికి" అంటారు, లేకపోతే "మా మరిది పెండ్లికి రెండు దినాల ముందు" అంటారు. అందుకని పండగలు, జాతర్లు, ఊళ్లో జరిగిన పెళ్లిళ్లు గుర్తుపెట్టిన క్యాలెండరు ఒకటి అంగన్‌వాడీ గోడకు వేలాడుతూ ఉంటుంది. ఏఎన్‌ఎం మొదట నవ్వింది. ఇప్పుడు ఆమే దాన్ని చూసి రాసుకుంటోంది.

మూడో నెల దాటేదాకా బయటికి చెప్పకూడదంటారు కదా, మరి పేరెలా రాస్తారు?

రాయం. ఆశా ఒక్కదానికే చెప్పమంటాం. 12 వారాల లోపు మొదటి పరీక్ష అయితే రక్తహీనత, బీపీ, షుగరు ముందే బయటపడతాయి. దిష్టి తగులుతుందనే భయాన్ని వాదించి పోగొట్టలేం. ఆశా నోరు గట్టిదైతే చాలు, చెబుతారు. ఒకసారి నోరు జారిందా, ఆ ఇంటి తలుపు మళ్లీ తెరుచుకోదు.

సుగ్గికి పోయే ఇళ్ల గర్భిణుల సంగతేమిటి?

మాకు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే.

తెలియనివాళ్ల కోసం: వానలు సరిగా పడక, పంట చేతికి రాక మా పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపూ తెలంగాణకూ పోతాయి. దాన్నే సుగ్గి అంటాం. ఆ నెలల్లో మా ఊళ్లోకి వస్తే సగం తలుపులకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. మొగుడూ పెళ్లాం ఇద్దరి కూలీ కలిస్తేనే అప్పు తీరేది కాబట్టి ఆరో నెల గర్భిణి కూడా లారీ ఎక్కుతుంది. ఎక్కిన రోజు నుంచి ఆమె ఇక్కడి ఆశా లెక్కలోనూ ఉండదు, అక్కడి ఆశాకూ తెలియదు.

ఒకామె అలా పోయి, ఎనిమిదో నెలలో అక్కడ కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోతే కార్డేదన్నారు. తల్లీబిడ్డల కార్డు ఇక్కడ ట్రంకుపెట్టెలో ఉంది, పెట్టె తాళంచెవి ఆమె మొలతాడుకు ఉంది. బ్లడ్ గ్రూపు మొదలుకొని అన్ని పరీక్షలూ మళ్లీ చేశారు. తిరిగి వచ్చాక పెట్టె తెరిస్తే కార్డు పక్కనే ఐరన్ మాత్రల అట్టలు, ఒక్క మాత్ర కూడా విప్పకుండా. ఆమెను తిట్టి లాభమేముంది? పోయే ముందు రోజు ఆ ఇంటికి పోనిది మేమే.

ఇప్పుడు సుగ్గి లారీ ఎప్పుడొస్తుందో కూలీలను తీసుకుపోయే మేస్త్రీని ముందే అడుగుతాం. నోటుబుక్కులో ఉన్న ఇళ్లకు అంతకు ముందే పోతాం. కార్డు ప్లాస్టిక్ కవరులో వేసి బట్టల మూటలో కాకుండా ఆమె చేతిసంచిలో పెట్టిస్తాం. కార్డు అన్ని పేజీలూ ఆమె ఫోన్లోనూ, మొగుడి ఫోన్లోనూ ఫొటో తీస్తాం. తిరిగి వచ్చేదాకా సరిపడా ఐరన్, కాల్షియం మాత్రలు ఏఎన్‌ఎంను అడిగి ఇప్పిస్తాం. మేస్త్రీ నంబరు, దిగబోయే ఊరి పేరు రాసుకుంటాం. అక్కడికి చేరాక ఆ ఊరి అంగన్‌వాడీకి పోయి పేరు రాయించుకోమంటాం. కొందరు పోతారు, చాలామంది పోరు. వారానికోసారి ఫోన్ చేసి "మాత్రలు ఏసుకుంటున్నావా, బిడ్డ తిరుగుతోందా" అని అడగడం మా సంఘంలో వంతులవారీగా చేస్తాం.

ఎనిమిదో నెల వచ్చినవాళ్లను పోవద్దంటాం. వినకపోతే? అత్తను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతాం. ఒక ఇంట్లో ఆ రెండు నెలల కూలీ నష్టానికి పొదుపు సంఘం నుంచి అప్పిచ్చాం. అందరికీ ఇవ్వలేం, ఆ మాటా ఇక్కడే చెప్పేస్తున్నాం.

తొలి కాన్పుకు పుట్టింటికి పోతే మన బాధ్యత తీరినట్టేనా?

అక్కడే చాలామంది జారిపోతారు. శ్రీమంతం చేసి, ఒడి నింపి పంపిస్తాం. ఇక్కడి ఆశా "పోయింది" అని రాసుకుంటుంది. అక్కడి ఆశాకు ఆ పిల్ల వచ్చిన సంగతి కాన్పు నొప్పులప్పుడు తెలుస్తుంది. మా ఊళ్లో చాలామందికి పుట్టిల్లు సిరుగుప్ప, బళ్లారి వైపు ఉంటుంది, అంటే రాష్ట్రమే మారిపోతుంది. అందుకే శ్రీమంతం రోజునే ఆమె పుట్టింటి ఊరి ఆశాకు మా ఆశాతో ఫోన్ చేయిస్తున్నాం. రెండు నిమిషాల పని. తాంబూలాల సంచిలో కార్డు పెట్టడం ఇప్పుడు మా దగ్గర ఆనవాయితీ అయిపోయింది.

రక్తం తక్కువ ఉందంటారు. ఊరు దానికేం చేస్తుంది?

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రమైనది. పైన చెప్పిన సర్వేలోనే మన రాష్ట్ర గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం ముందే తక్కువున్న మనిషికి కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా ప్రమాదమే.

నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 ఐరన్ మాత్రలు, కాన్పయ్యాక మరో 180 రోజులు. ఇవ్వడంలో లోటు లేదు, మింగడంలోనే ఉంది. వికారం వస్తుందని, మలం నల్లగా పోతోందని మానేస్తారు. బిడ్డ నల్లగా పుడుతుందని ఎవరో అంటారు. మలం నల్లబడటం మాత్ర వల్లే, భయపడాల్సింది కాదు. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. కాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. రెండూ ఒకేసారి గుటుక్కున మింగేవాళ్లే ఎక్కువ. మాత్రలతో హిమోగ్లోబిన్ పెరగకపోతే నరానికి ఎక్కించే ఐరన్ ఉంది, డాక్టరును అడగాలి.

ఇక తిండి. అంగన్‌వాడీ నుంచి వచ్చే గుడ్డు ఎవరు తింటున్నారో చూడండి. మేం ఒక ఇంట్లో కూర్చున్నప్పుడు చూశాం. ఆమె గుడ్డు ఒలిచింది, పెద్దపిల్ల చేయి చాచింది, సగం అటు పోయింది. చిన్నోడు ఏడ్చాడు, మిగిలిన సగం అటు పోయింది. ఆమె పెంకులు ఎత్తి బయట పారేసి వచ్చింది. దీనికి ఆమెకు పాఠం చెప్పి ఏం లాభం? ఆ ఇంటి అత్తతో మాట్లాడాం. ఇప్పుడు ఆమె ముందు కూర్చుని కోడలి చేత తినిపిస్తుంది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, బుడ్డల (వేరుశనగ) చట్నీ మనకు దొరికేవే. చివరికి మిగిలింది తినే అలవాటు మాని, గర్భిణి నలుగురితో పాటు తింటే అదే పెద్ద మార్పు.

మగవాళ్లు ఏం చేయాలి?

రచ్చకట్ట మీద కూర్చుని "ఆడోళ్ల యవ్వారం మాకెందుకు" అనేవాళ్లే ముందు. వాళ్లకు సలహాలు కాకుండా పని అప్పజెప్పాం. రక్తం ఇచ్చేవాళ్ల జాబితా వాళ్లదే. 18 నుంచి 65 ఏళ్ల లోపు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వొచ్చు, మగవాళ్లు మూడు నెలలకోసారి. రక్తమిస్తే బలం పోతుందనే భయం ఒక్కడు ఇచ్చి వచ్చి మరుసటి రోజు నాగలి పట్టాక సగం పోయింది.

రాత్రి నొప్పులొస్తే బండి ఎలా?

108కి చెయ్యాలి, డబ్బు కట్టక్కర్లేదు. దాన్ని నమ్ముకుని రెండో ఏర్పాటు లేకుండా ఉండకండి. వంక పొంగితే, బండి ఇంకో ఊళ్లో ఉంటే? మా ఊళ్లో ముగ్గురు ఆటోవాళ్ల నంబర్లు అంగన్‌వాడీ గోడ మీద రంగుతో రాశాం. వాళ్ల డీజిల్ ఖర్చు సంఘం ఇస్తుంది. కాన్పయ్యాక ఇంటికి దించడానికి ప్రభుత్వాసుపత్రి నుంచి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంటుంది.

ఎక్కడికి పోవాలో తొమ్మిదో నెలలోనే తేల్చుకోండి. మామూలు కాన్పైతే పీహెచ్‌సీ సరిపోతుంది. ఎర్ర చుక్క ఉన్నవాళ్లు నేరుగా ఆదోని ఏరియా ఆసుపత్రికి. అక్కడా కుదరకపోతే కర్నూలు పెద్దాసుపత్రి, అంటే ఆదోని నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. ఆ వంద కిలోమీటర్లు నొప్పులతో పోవడం కంటే, డాక్టరు ముందే చెప్పి ఉంటే నాలుగు రోజుల ముందు పోయి ఉండటం మేలు.

నొప్పుల కోసం చూడకుండా వెంటనే బయల్దేరాల్సినవి కొన్ని ఉన్నాయి. రక్తం కనిపించడం, తలనొప్పి పట్టి కళ్లు మసకబారడం, మొహం చేతులు వాయడం, ఫిట్స్, ఉమ్మనీరు పోయినా నొప్పులు రాకపోవడం, జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం. ఫిట్స్ వస్తే దయ్యం పట్టిందని తాయెత్తుకు పోయినవాళ్లు మా చిన్నప్పుడు ఉండేవాళ్లు. ఇప్పటికీ ఒకరిద్దరు ఉన్నారు.

ప్రభుత్వాసుపత్రిలో డబ్బులు అడుగుతారు కదా?

అడుగుతారు. నా కూతురి కాన్పుకు ఒక ఆసుపత్రిలో మగపిల్లాడని చెప్పి చేయి చాపారు. ఆడపిల్లయితే రేటు తక్కువట. ఇచ్చి వచ్చాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీదే నాకు కోపం.

2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష పథకం కింద కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రానూపోనూ బండి అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజుల వరకు భోజనం. పైగా అర్హులైన పల్లె తల్లికి జననీ సురక్ష యోజన కింద కేంద్రం లెక్కన 700 రూపాయలు, మొదటి బిడ్డకు మాతృ వందన యోజన కింద రెండు విడతల్లో 5,000 రూపాయలు వస్తాయి. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిపి ఉందో లేదో ఐదో నెలలోనే చూసుకోండి. డబ్బు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

ఫిర్యాదుకు 104 ఉంది. సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇవ్వొచ్చు. ఒక్కరే పోతే "మీకేమైనా రుజువుందా" అంటారు. పదిమంది పోయి, తేదీ, పూట, అడిగిన మొత్తం రాసిచ్చినప్పుడు వినే తీరే వేరు. ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో మన మండలం వాళ్లెవరున్నారో కనుక్కుని వాళ్ల చెవినా వేయండి. అయితే ఒక మాట. రాత్రంతా నిలబడి నాలుగు కాన్పులు చేసిన సిస్టరమ్మను కూడా ఇదే గాటన కట్టకండి. బాగా చూసినవాళ్లకు మేం పేరు పెట్టి ఉత్తరం రాస్తాం. అది కూడా పనిచేస్తుంది.

కాన్పు గదిలోకి తోడు ఒకరిని రానిస్తారా?

రానివ్వాలి. 2016లోనే కేంద్రం ప్రభుత్వాసుపత్రుల్లో ఒక ఆడతోడుకు అనుమతి ఇచ్చింది. మంచంమంచానికీ మధ్య తెర కూడా లేని చోట మిగతా ఆడవాళ్ల మరుగు పోతుందని సిబ్బంది అభ్యంతరపెడతారు. అందులో న్యాయం ఉంది. మా దగ్గర రెండు తెరలు కొనివ్వడంతో ఆ పేచీ తీరింది.

గ్రామ కమిటీకి డబ్బొస్తుందట, నిజమేనా?

నిజమే. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటుంది. బ్లీచింగ్ పౌడరుకే అయిపోయిందంటే లెక్క అడగండి. ఆటో ఖర్చుకూ అత్యవసరానికీ వాడుకోవచ్చని కమిటీలో తీర్మానం రాయించండి. ఆలస్యంగా వస్తుంది కాబట్టి దాన్ని నమ్ముకుని పని ఆపకండి.

కాన్పయ్యాక ఇంటికొచ్చేస్తే ఇంకేముంది?

మా అనుభవంలో అందరూ బిడ్డ చుట్టూ చేరి తల్లిని మరిచిపోయే సమయం అది. కాన్పు తర్వాత మొదటి 48 గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి. ఇంట్లో పని ఉందని సంతకం పెట్టి వచ్చేయకండి. తర్వాత 42 రోజుల లోపు ఆశా ఆరుసార్లు ఇంటికి రావాలి. 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో.

పత్యం సంగతి. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వడం, కారప్పొడి, వెల్లుల్లి అన్నంతో సరిపెట్టడం మా దగ్గర ఇంకా ఉంది. పాలిచ్చే మనిషికి నీళ్లు ఆపితే ఎట్లా? పెద్దావిడలతో పోట్లాడి గెలవలేం. "వెల్లుల్లి పెట్టండవ్వా, దాంతో పాటు గుడ్డు, ఆకుకూర, అడిగినన్ని కాచిన నీళ్లు" అంటే ఒప్పుకున్నారు. ముర్రుపాలు పిండి పారేయడం మాత్రం దాదాపు పోయింది.

ఒక తల్లి చనిపోతే?

గర్భంతో ఉన్నప్పుడు గానీ, కాన్పయిన 42 రోజుల లోపు గానీ చనిపోతే ప్రభుత్వం విచారణ చేయాలి. ఇంటికొచ్చి ఏ పూట ఏం జరిగిందో అడుగుతారు. జిల్లాలో కలెక్టరు సమీక్ష ఉంటుంది. ఇంటివాళ్లు భయపడి "అన్నీ బాగానే చూశారు" అంటారు, లేదా కేసు అవుతుందని దాస్తారు. అది శిక్షల కోసం చేసే విచారణ కాదని ముందే చెప్పి, పక్కన ఎవరైనా కూర్చోండి. బండి ఎన్ని గంటలకొచ్చింది, ఎన్ని ఆసుపత్రులు తిప్పారు అన్న వివరాలు మరుసటి వారానికే మసకబారతాయి. రాసిపెట్టండి.

ఇలా ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే నిజంగా ఫలితం ఉంటుందా?

మాకూ అనుమానం ఉండేది. నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాలో, తర్వాత జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ఆడవాళ్ల బృందాలు నెలనెలా కూర్చుని సమస్య ఏమిటి, మనమేం చేయగలం అని మాట్లాడుకున్న చోట పసికందుల మరణాలు బాగా తగ్గినట్టు 2004లో ఒకటి, 2010లో ఒకటి అధ్యయనాలు వచ్చాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పద్ధతిని సిఫారసు చేసింది. ఉపన్యాసం ఇచ్చే మీటింగులకు ఈ ఫలితం రాదు. గర్భిణుల్లో కనీసం మూడో వంతు మందైనా వచ్చి కూర్చోవాలి. మా దగ్గర సాయంత్రం పెడితే ఎవరూ రాలేదు, రొట్టెలు కాల్చుకునే వేళ. మధ్యాహ్నానికి మార్చాం.

చిన్న వయసు పెళ్లిళ్ల గురించి కూడా మీరే మాట్లాడాలా?

తప్పదు. పైన చెప్పిన సర్వే నాటికి మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయింది. నోటుబుక్కులో ఎర్ర చుక్కలు పెట్టేదే మేము కాబట్టి అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో కనబడుతూనే ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే చెప్పినవాళ్ల పేరు బయటపెట్టరు. పిల్ల పదో తరగతి తర్వాత బడికి పోయేలా బస్సు ఉంటే సగం పెళ్లిళ్లు వాటంతటవే ఆగుతాయని మా టీచరమ్మ అంటుంది.

నోటుబుక్కు ఎవరి దగ్గర ఉండాలి?

సర్పంచి దగ్గర వద్దు, రాజకీయం అవుతుంది. ఆశా ఇంట్లో ఉంటే ఆమె సెలవు పెట్టిన రోజు దొరకదు. మేం అంగన్‌వాడీ బీరువాలో పెట్టి, రెండో తాళంచెవి ఎదురింటి కిరాణా కొట్టులో ఉంచాం. కొట్టు రాత్రి పదింటిదాకా తెరిచి ఉంటుంది, ఆయన అక్కడే పడుకుంటాడు.